కవరు కట్టని చెట్టు

కొడుకు తోట పరువు తీశాడు. ఇందులో ఇక తేల్చవలసింది ఏమీ లేదు. బయటి కాయ కొని, తండ్రి కాయలో కలిపి, తండ్రి తోట నంబరు అంటించి సముద్రం దాటించాడు. ఆ కాయలో పురుగు దొరికింది. విమానం దిగిన చోటే లోడంతా కాల్చేశారు.

ఈ మాట పెద్దాయన ఎవరినో అడిగి తెలుసుకున్నది కాదు. కొడుకే తన చేత్తో కాగితం రాసి తనిఖీ కార్యాలయానికి ఇచ్చాడు.

ఆ రోజు నుంచి, అంటే తొమ్మిది రోజులుగా, ఆయన కొడుకుతో మాట్లాడటం లేదు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, కుర్చీ పక్కకు తిప్పుకుని గోడను చూస్తూ అన్నం తింటున్నాడు. చెప్పవలసింది ఉంటే కోడలికి చెబుతాడు. కొడుకు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటాడు.

"పంపు మోటారు బేరింగు అరుస్తోందని ఆయనగారితో చెప్పమ్మా."

"విన్నారుగా?" అని కోడలు భర్తను అడుగుతుంది.

"విన్నాను."

"విన్నారట మామయ్యా."

మొదటి రెండు రోజులూ ఆ పిల్లకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మంగళవారం పొద్దున్న తోటలో ఎన్ని కాయలు రాలాయో ఆయనగారికి చెప్పమని పెద్దాయన అన్నప్పుడు, ఆమె చేతిలోని గరిటె గిన్నెలో పడేసింది. ఇకనుంచి మీ మాటలు మోయడం నా వల్ల కాదు, నేనేమీ తపాలా బంట్రోతును కాను అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే పెద్దాయనకు తేలికగా ఉండేది.

గురువారం అధికారులు వస్తున్నారని, షెడ్డుకు సీలు వేస్తారని ఆమె చెప్పింది. ఆయనకు తెలియని సంగతేమీ కాదు. కానీ సీలు అన్న మాట ఆ ఇంట్లో పైకి అనడం అదే మొదలు.

పెట్టె మీద అంటించే కాగితంలో రెండు నంబర్లుంటాయి. ఒకటి తోటది, పెద్దాయన పేరున ఉంది. నాలుగు వందల పన్నెండు మామిడి చెట్లు, వరసలు కొలిచి, లెక్కపెట్టి రిజిస్టరులో ఎక్కించారు. రెండోది కాయలు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డుది, కొడుకు పేరున ఉంది. తప్పు తోటదైతే తోట నంబరు మూడు పంటల పాటు కొట్టేస్తారు. షెడ్డుదైతే షెడ్డు మూస్తారు. తప్పు షెడ్డుదేనని కొడుకు రాసిచ్చాడు. కోత తొలి రోజు పెట్టెలకు కాయ చాలక రోడ్డు మీద పోయే లారీ ఆపి బయటి కాయ కొన్నానని రాశాడు.

"పురుగు దొరికిందని వచ్చిన ఉత్తరంతో పాటు ఫొటో వచ్చింది. ఒక్కసారన్నా చూశారా మామయ్యా?" అంది కోడలు.

"పురుగును ఫొటోలో చూడాలా? నలభై ఏళ్ళుగా దాని మొహమే చూస్తున్నాను."

"పురుగును కాదు. కాయను చూడండి."

"ఎవడి తోటదో, ఏ లారీదో. ఆ కాయను నేనెందుకు చూడాలి?"

కొడుకు కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు.   మోటారు బాగుచెయ్యడానికి పంపు గది వైపు వెళ్ళిపోయాడు.

కోడలు కూడా షెడ్డులో ఏదో పని ఉందని బయలుదేరింది. వెళ్తూ ఆ ఉత్తరం మడిచి పట్టుకుపోయింది.

ఆమె అలా వెళ్ళగానే ఇలా గొడుగాయన వచ్చాడు. పక్క తోట యజమాని. ఎండా వానా తేడా లేకుండా గొడుగు పట్టుకు తిరుగుతాడు. నీడలో నిలబడినా మూయడు. గేటు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మంటే రాకుండా, పుల్లవిరుపు మాటలు మొదలుపెట్టాడు. మీ వాడి పుణ్యమా అని ఇక ఈ చుట్టుపక్కల తోటలన్నిటి పెట్టెలూ విప్పి చూస్తారట. పదింటిలో ఒకటి తెరిచేవాళ్ళు ఇక పదీ తెరుస్తారట. తెరిచిన పెట్టె మళ్ళీ అమ్ముడుపోదట.

ఇంకో రోజైతే పెద్దాయన నిప్పులు చెరిగేవాడు. ఆ రోజు తల దించుకున్నాడు.

"వాడు చేసింది తప్పే. నేను వెనకేసుకు రాను. సీలు వేసి తీరాలి."

గొడుగాయన తృప్తిగా వెళ్ళిపోయాడు. పెద్దాయన వెనక్కి తిరిగేసరికి కొడుకు వరండాలో ఉన్నాడు. మరిచిపోయిన పానా కోసం వచ్చినట్టున్నాడు. పానా చేతిలోకి తీసుకుని, అది అదేనా కాదా అన్నట్టు రెండుసార్లు తిప్పి చూసి, వచ్చిన దారినే పోయాడు.

తోట నిండా కవర్లు వేలాడుతున్నాయి. కోత ఆగి తొమ్మిది రోజులైంది. పంటలో మూడో వంతు కోశారు. మిగిలింది చెట్టు మీదే ముగ్గిపోతోంది. ఎక్కడో ఒక చోట కవరుతో సహా కాయ నేల మీద పడిన చప్పుడు వినపడుతూనే ఉంది. ఒక్కో చప్పుడుకూ పెద్దాయన పళ్ళు బిగించేవాడు. ఆ కవర్లు ఒక్కొక్కటీ నిచ్చెన మీద నిలబడి, కూలీలతో పాటు ఆయన స్వయంగా కట్టినవి. పిందె కోడిగుడ్డంత కాగానే కట్టాలి. తొడిమ నలగకూడదు. కవరు మూతి బిగించే తీగ వదులైతే పండు ఈగ దూరి గుడ్డు పెడుతుంది. బిగిస్తే కాయ రాలిపోతుంది. వేళ్ళ కొసలు పగిలి, అన్నం కలిపినప్పుడల్లా మండేవి.

ఈ వ్యాపారం ఇటు వచ్చి పదేళ్ళు దాటలేదు. అంతకు ముందు గడ్డి పరిచిన లారీలో కాయ పోసి పంపితే, మార్కెట్టు చేరేసరికి సగం కుళ్ళేది. ఆ సగం ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కారు. కొడుకు షెడ్డు కట్టాడు. చల్లగది పెట్టాడు. కాయలను వరసగా తీసుకుపోయే బెల్టు తెచ్చాడు. నలభై మంది ఆడవాళ్ళకు పని దొరికింది. మన పండు ప్రపంచమంతా వెళ్ళాలని పెద్ద పెద్దవాళ్ళు వచ్చి ఉపన్యాసాలిచ్చి, పోతూ పోతూ తలా రెండు పెట్టెలు కార్లో పెట్టించుకుని పోయారు. రోడ్డు మాత్రం అలాగే ఉంది. గోతుల్లో ఎగిరెగిరి కాయ కమిలేది. కరెంటు పోతే చల్లగది ఉడికిపోయేది. పోయిన ఏడు కాయలను వేడినీళ్ళలో ముంచాలన్నవాళ్ళు, ఈ ఏడు వేడినీళ్ళు వద్దు, చెట్టు మీదే కవరు కట్టాలన్నారు. ముంచడానికి కట్టిన తొట్టి సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది.

అన్నిటినీ ఓర్చుకుని నిలబడ్డ తోట. దాన్ని కన్నకొడుకే ముంచాడు. పెద్దాయన మనసులో ఈ వాక్యం పాడైపోయిన మోటారులా రాత్రింబవళ్ళు ఒకే చప్పుడు చేస్తోంది.

మధ్యాహ్నం ఆయన షెడ్డుకు వెళ్ళాడు. తన ఖాళీ బుట్టలు సీలు లోపల చిక్కుకుపోకుండా తెచ్చుకోవాలని.

బెల్టు ఆగిపోయి ఉంది. పని లేకపోయినా ఆడవాళ్ళు కొందరు వచ్చి, బోర్లించిన ట్రేల మీద కూర్చుని ఉన్నారు. ఆయనను చూసి మాటలు ఆపేశారు. కోడలు అక్కడ లేదు. తలుపు పక్కన, ఎప్పుడూ కూర్చునే ఎత్తు స్టూలు మీద త్రాసమ్మ ఉంది. కాయ అరచేతిలోకి తీసుకుని మూడు వందల పది గ్రాములంటే మూడు వందల పదే. త్రాసులో పెడితే ఆమె చెప్పిందే వచ్చేది. అందుకే ఆ పేరు. షెడ్డు కట్టకముందు, లారీలకు గడ్డి పరిచే రోజుల్లో, పెద్దాయన భార్యతో కలిసి చెట్ల కింద కాయలు ఏరిన మనిషి. భార్య పోయి ఆరేళ్ళు. ఆమెను ఇప్పటికీ వదిన అనేది త్రాసమ్మ ఒక్కతే.

"బుట్టలు తర్వాత తీసుకుందురు గానీ, ఒక్కసారి ఇటు రండి పెద్దన్నా" అని చల్లగది వెనక్కి నడిచింది.

అక్కడ ఎవరూ లేరు. కొంగు మడతలోంచి కాగితం తీసింది. ఉత్తరంతో వచ్చిన ఫొటో. పొద్దున్న కోడలు తెచ్చి ఇచ్చి, ఈ కాయ ఎక్కడిదో నీ చేతికి తెలిసి ఉండాలి పిన్నీ అని అడిగిందట. తెలియదని చెప్పిందట.

"ఆ అమ్మాయికి అబద్ధం చెప్పాను. మీకు చెప్పలేను."

పెద్దాయన చదవడానికి పనికొచ్చే కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు.

కాయను రెండుగా కోసి తెల్ల పళ్ళెంలో పెట్టారు. టెంక పక్కన తెల్లగా, బియ్యపు గింజంత పురుగు. ఆయన చూపు అక్కడ నిలవలేదు. కాయ భుజం ఎర్రగా ఉంది. కవరు కట్టిన కాయ ఎక్కడా ఎర్రబడదు, ఒకటే పసుపు. ఇది ఎండ తిన్న కాయ. అంతవరకైతే ఏ లారీలోనైనా దొరుకుతుంది. కానీ బుగ్గ మీద బూడిదరంగు గీత ఒకటి, బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

ఆ గీత ఆయనకు తెలుసు. పంపు గది రేకు అంచు అలా గీస్తుంది.

తోట వేసిన ఏడు నాలుగు వందల పన్నెండు అంట్లు నాటాక ఒకటి మిగిలింది. బక్కది, బతకదనుకున్నారు. భార్య దాన్ని పంపు గది పక్కన, వరసలకు అవతల పెట్టింది. మోటారు కారే నీళ్ళతోనే అది ఏపుగా పెరిగింది. కొమ్మ ఒకటి రేకు మీదికి వాలింది. చెట్లు లెక్కపెట్టడానికి వచ్చినవాళ్ళు వరసలు లెక్కపెట్టారు. ఇది లెక్కలో లేదు.

వంటింటి కిటికీలోంచి ఆ చెట్టు కనపడుతుంది. దాని కాయల బుగ్గలు ఎర్రబడితే ఆవిడ కోత మొదలుపెట్టమనేది. ఎప్పుడూ తప్పు పోలేదు. ఈ ఏడు కవర్లు వచ్చాక తోటలో ఏ కాయ రంగూ బయటికి కనపడదు. పండిందో లేదో చెప్పే మిషను కొడుకు తెచ్చాడు. పెద్దాయన దాన్ని నమ్మలేదు. ఆ ఒక్క చెట్టుకు కవర్లు కట్టకుండా వదిలేసి, దాన్ని చూసి కోత మొదలుపెట్టించాడు. మిషను చెప్పిన రోజూ, ఆయన చెప్పిన రోజూ ఒకటే అయ్యాయి. ఎలా చెప్పావు నాన్నా అని కొడుకు అడిగితే, గొప్పగా, కళ్ళతో అన్నాడు.

తొలి రోజు తొలి బుట్ట ఆ చెట్టుదే పోవాలి. అది ఆవిడ పెట్టుకున్న పద్ధతి. లారీ రోజుల్లో ఆ బుట్ట తనే మోసుకొచ్చి గడ్డి మీద పోసేది. ఆవిడ పోయాక ఆయన మోస్తున్నాడు. ఈ ఏడూ తెల్లవారగానే కోసి, ఎవరూ రాకముందే తెచ్చి బెల్టు మొదట్లో పెట్టాడు. కవర్ల సంగతి, ఈగ సంగతి, లెక్కలో లేని చెట్టు సంగతి ఒక్కటీ ఆయన తలలోకి రాలేదు. బుట్ట బరువు మాత్రమే తెలిసింది.

"ఆ రోజు బయటి బండి ఏదీ రాలేదు. షెడ్డుకు ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గర కూర్చునేది నేను" అంది త్రాసమ్మ.

ఆయన కాగితం మడిచాడు. మడత సరిగా రాలేదు. విప్పి మళ్ళీ మడిచాడు.

"ఎర్ర కాయ నీ చేతిలోకి వచ్చింది. ఎందుకు పక్కన పెట్టలేదు?"

"మీ బుట్ట కాబట్టి."

"నీ పనే పక్కన పెట్టడం."

"వదిన బుట్టలో కాయ పక్కన పెట్టే చెయ్యి నాకు లేదు పెద్దన్నా. మీరు ఇప్పుడు నన్ను ఎన్నన్నా అనండి."

ఆయన అన్నాడు. అనకూడనివి కూడా రెండు అన్నాడు. ఇన్నేళ్ళుగా కూలి తీసుకుని కళ్ళు మూసుకు కూర్చున్నావన్నాడు.  అన్నీ విని ఆమె, బుట్టలు సీలు వేసేలోగా బయట పెట్టిస్తానంది.

పంపు గది దగ్గర కొడుకు నేల మీద గోనెసంచి పరుచుకుని, మోటారు విప్పుకుని కూర్చుని ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా గ్రీజు. పైన రేకు మీద కొమ్మ కదిలినప్పుడల్లా గోటితో గీకినట్టు చప్పుడు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు పెద్దాయన.

తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట. కొడుకు తల ఎత్తలేదు.

"ఏది?"

"ఏది అని అడక్కు."

కొడుకు బేరింగును గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. "ఫొటో చూసిన పూటే. ఆ రేకు వేసింది నేనే కదా."

"మరి లారీ కాయ కొన్నానని ఎందుకు రాశావు?"

"తోట నంబరు పోతే నువ్వు మూడేళ్ళు ఏం చేస్తావు? లెక్కలో లేని చెట్టు అని దీన్ని కొట్టేయమంటారు. అది కూడా చూస్తూ కూర్చుంటావా?" చేతిలో గుడ్డను మడిచాడు. "షెడ్డు పోతే నేను ఇంకోటి కట్టుకుంటాను. నాకు వయసుంది."

"నన్ను చూసి జాలిపడ్డావన్న మాట."

"అలా అనుకుంటే అలాగే అనుకో."

"తొమ్మిది రోజులు నిన్ను కనపడ్డ ప్రతివాడి ముందూ తిట్టాను. పొద్దున్న ఆ గొడుగువాడి ముందు కూడా. నోరు మెదపలేదు నువ్వు."

"నువ్వు అడగలేదు నాన్నా."

"అడిగితే చెప్పేవాడివా?"

కొడుకు గుడ్డ పక్కన పెట్టాడు. "చెప్పేవాణ్ణి కాదేమో. కానీ నువ్వు అడగలేదు. రాసింది చదివావు, నమ్మావు. వీడు అలాంటి పని చెయ్యడని ఒక్క పూటన్నా అనుకోలేదు."

 పెద్దాయనకు కొడుకు మీదే కోపం వచ్చింది. తప్పు తనదని తెలిసినా తగ్గని కోపం అది. తనను మోసం చేసి, తన చేత తిట్టించుకుని, తనకన్నా మంచివాడుగా నిలబడ్డాడు. అది ఆయన క్షమించదలుచుకోలేదు.

"నీ దయ నాకు అక్కర్లేదు" అని వచ్చేశాడు.

ఇంట్లో కోడలు గుమ్మంలోనే ఎదురైంది. ఆయన మొహం చూసి గ్రహించిందో, త్రాసమ్మ చివరికి చెప్పిందో, ముక్కు సూటిగా అడిగింది. గురువారం వచ్చేవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెబుతారా, చెప్పరా? మీ అబ్బాయి ఒక్కడి సంగతి కాదు, ఆ నలభై మంది ఇళ్ళలో పొయ్యి వెలగాలి మామయ్యా అంది. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

బుధవారమంతా ఆయన గదిలోంచి రాలేదు. మధ్యాహ్నం మంచినీళ్ళు పెట్టడానికి వెళ్ళిన కోడలికి ఆయన బల్ల ముందు వంగి రాసుకుంటూ కనపడ్డాడు. ఆయన చదివింది ఊరి బడిలో అయిదో తరగతి. అక్షరాలు పంక్తిలో నిలబెట్టిన పిల్లల్లా బిగుసుకుని ఉంటాయి. నేల మీద నలిపి పారేసిన కాగితాలు చాలా ఉన్నాయి. మిగిలిన కాగితంలో మూడే ముక్కలున్నాయి.

కాయ నాది. లెక్కలో లేని చెట్టు కాయ నేనే తెచ్చి కలిపాను. నా కొడుకు రాసింది అబద్ధం.

కింద సంతకం. కోడలు చూసి, చూడనట్టు గ్లాసు పెట్టి బయటికి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఇక గట్టెక్కామనుకుంది.

గురువారం పది గంటలకు జీపు వచ్చింది. తనిఖీ అధికారి ఒకడు, లక్క, కొవ్వొత్తి, గుడ్డ సంచీ పట్టుకుని ఇంకొకడు. షెడ్డు ముందు ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. గొడుగాయన నీడలో గొడుగు వేసుకుని నిలబడ్డాడు. కొడుకు తాళాలు తెచ్చి అధికారి ముందు బల్ల మీద పెట్టాడు.

పెద్దాయన ముందుకు వెళ్ళి తాళాల పక్కన తన కాగితం పెట్టాడు.

అధికారి చదివాడు. ఫైలు విప్పి కొడుకు రాసిన కాగితం తీసి పక్కన పెట్టి మళ్ళీ చదివాడు. చెడ్డవాడేమీ కాదు, విసిగిపోయిన మనిషి. ఈ వారంలో ఇది ఆయనకు నాలుగో షెడ్డు.

"రెండూ నిజం కావడానికి వీల్లేదు కదండీ."

"నాది నిజం."

"అయితే ఒకటి చెప్పండి. నాలుగు వందల పన్నెండు చెట్లకు కవరు కట్టిన మనిషి, కవరు లేని చెట్టు కాయ తెచ్చి ఇందులో ఎందుకు పోశారు? ఒక్క బుట్ట. ఆ బుట్టతో మీకు కలిసొచ్చేది ఏముంది? కారణం చెప్పండి, రాసుకుంటాను."

పెద్దాయన నోరు తెరిచాడు.

నలభై మంది చూస్తున్నారు. గొడుగాయన ఒక అడుగు ముందుకు వేశాడు, సరిగా వినపడాలని. కారణం చెప్పడమంటే కిటికీ గురించి చెప్పాలి. తొలి బుట్ట గురించి చెప్పాలి. చచ్చిపోయిన మనిషి మీద ప్రేమతో బుద్ధి లేని పని చేశానని, ఈ లక్కా కొవ్వొత్తీ ముందు చెప్పాలి. ఆరేళ్ళలో ఆవిడ పేరు ఎవరి ముందూ ఎత్తని మనిషి. పోయిన రోజు కూడా ఎత్తలేదు.

నోరు మూసుకున్నాడు.

"రాసింది చాలు" అన్నాడు.

"చాలదండీ. చెట్టు ఉన్నంత మాత్రాన కాయ దానిదే అయిపోదు. కారణం లేకపోతే ఇది కొడుకును కాపాడుకోవడానికి తండ్రి రాసినట్టుంది. ఇప్పుడు చూస్తే అది తండ్రిని కాపాడటానికి కొడుకు రాసినట్టుంది. నేను దేన్ని పట్టుకోను?"

త్రాసమ్మ ముందుకొచ్చి, ఆ రోజు బయటి బండి రాలేదని, తాను తలుపు దగ్గరే ఉన్నానని చెప్పింది. అధికారి మర్యాదగానే విన్నాడు. మీరు షెడ్డులో పనిచేసే మనిషి, షెడ్డు మూతపడకూడదనే చెబుతారు, మీ మాట నేను రాసుకోలేను అన్నాడు. ఆమె చేతులు రెండూ, పట్టుకోవడానికి కాయ లేక, ఊరికే తెరుచుకుని ఉన్నాయి.

కోడలు మామగారి దగ్గరికి వచ్చింది. "ఒక్క మాట మామయ్యా. ఎందుకో చెప్పండి, చాలు. ఆయన రాసుకుంటారు."

ఆయన గోడను చూస్తున్నాడు. షెడ్డు గోడ మీద, లోడు వెళ్ళిన రోజున ఆడవాళ్ళు సుద్దతో వేసిన పెట్టెల లెక్క గీతలు ఇంకా చెరిగిపోలేదు.

కొడుకు నెమ్మదిగా, తండ్రికి మాత్రమే వినపడేలా అన్నాడు. "చెప్పు నాన్నా. అమ్మేం అనుకోదు."

అది అనకుండా ఉంటే బాగుండేది. పెద్దాయన ఒక అడుగు పక్కకు జరిగాడు. కొడుకు మళ్ళీ దయ చూపిస్తున్నాడు. అది కూడా ఆవిడ పేరు మీద.

 అధికారి కలం మూత తీశాడు. విచారణ తేలేదాకా రెండు నంబర్లూ ఆపుతున్నానని రాశాడు. తోటదీ, షెడ్డుదీ. తేలడానికి ఎన్నాళ్ళు పడుతుందని కోడలు అడిగితే, పై కార్యాలయం చేతిలో ఉందన్నాడు. చెట్ల మీద ఉన్న పంట సంగతేమిటని అడిగితే, పక్క సంతలో అమ్ముకోవచ్చన్నాడు. కవర్లు విప్పేసి అమ్ముకోవాలన్నాడు.

గొడుగాయన గొడుగు మూశాడు. అతను గొడుగు మూయడం అక్కడున్నవాళ్ళెవరూ అంతకు ముందు చూడలేదు.

లక్క కరుగుతోంది. ఆడవాళ్ళలో ఎవరో మెల్లగా ఏడుస్తున్నారు. కోడలు ఇక బతిమాలడం మానేసి, మామగారి మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో ఇంతకాలం ఉన్న మర్యాద లేదు.

"ఇంటికి వెళ్ళాకన్నా చెబుతారా? నాకు కాదు, ఈయనకు. లేదా రేపు, ఎల్లుండి, ఆ పై కార్యాలయం వాళ్ళు వచ్చినప్పుడు?"

పెద్దాయన తన ఖాళీ బుట్టలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని ఎత్తుకున్నాడు.

"చెప్పవలసింది రాశాను. ఇక ఈ సంగతి నా నోట రాదు. ఇంట్లో అడగొద్దు, ఆఫీసులో అడగొద్దు, రేపు నేను పోయే ముందు మంచం పక్కన కూర్చుని కూడా అడగొద్దు. చెప్పను."